కర్నల్ చార్లెస్ యంగ్ – పదహారు రోజుల ప్రయాణం



ఈ ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం రాయవలసిందని సంపాదక మిత్రులు కోరినప్పుడు, నేను ప్రకాశం పంతులు గారి గురించో, అల్లూరి సీతారామరాజు గురించో రాస్తానని అనుకొని ఉంటారు. ఆ మహానుభావుల గురించి నాకన్నా బాగా రాయగలవారు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నేను ఎంచుకున్నది ఒక అమెరికా సైనికాధికారిని. తన దేశంలో పేరు పొందినవాడే గాని మన వైపు ఆయన పేరు విన్నవారు తక్కువ. అయినా ఆయన మనవంటి ప్రభుత్వోద్యోగి. ఆయన సర్వీసులో సీనియారిటీ ఉన్నది, ప్రమోషను ఉన్నది, మెడికల్ బోర్డు ఉన్నది, ఇష్టం లేని పదవీ విరమణ ఉన్నది. చనిపోయిన నూరేళ్లకు చేతికందిన ప్రమోషను కూడా ఉన్నది. ముప్పై ఆరేళ్లు ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షనులో ఫైళ్లు నడిపిన నాకు ఇంతకన్నా దగ్గరి జీవితం దొరకలేదు. ఎందుకు దగ్గరి జీవితమో చివరలో మనవి చేస్తాను.

ఆయన నాకు తెలిసిన విధం

2019 వేసవిలో మా అబ్బాయి వద్దకు కాలిఫోర్నియా వెళ్లి మూడు నెలలు ఉన్నాము. ఒక శని, ఆదివారాలలో వాడు మమ్మల్ని సెకోయా నేషనల్ పార్కుకు తీసుకువెళ్లాడు. అక్కడి చెట్లను చూసి మా ఇంటావిడ చేతులెత్తి దణ్ణం పెట్టింది. జనరల్ షెర్మన్ అని పేరున్న చెట్టు ఎత్తు 275 అడుగులు, వయస్సు రెండు వేల ఏళ్లకు పైమాటే. మెడ నొప్పి పుట్టేదాకా పైకి చూసి, నీడన ఒక బల్ల మీద కూర్చున్నాను. కొద్ది దూరంలో వెడల్పు అంచు టోపీ పెట్టుకున్న నల్లజాతి రేంజరు ఒకాయన పదిమంది యాత్రికులను చుట్టూ నిలబెట్టుకొని ఏదో చెబుతున్నాడు. పురాణం చెప్పేవారి గొంతు ఏ దేశంలోనైనా ఒకటే. లేచి వెళ్లి వెనుక నిలబడ్డాను.

ఆయన మాటలు సగం అర్థమైనవి, మిగతా సగం మా మనవడు చెప్పాడు. ఈ పార్కులకు రేంజర్లు రాకముందు సైన్యమే కాపలా కాసిందట. 1903 వేసవిలో ఇక్కడ కాపలా ఉన్నవారు నల్లజాతి అశ్వికదళం వారు. తాను పెట్టుకున్న నాలుగు సొట్టల టోపీ ఆ సైనికుల టోపీ నుంచే వచ్చినదని కూడా ఆయన చూపించాడు. వారి కెప్టెను చార్లెస్ యంగ్ ఆ ఏడాది ఈ పార్కుకు ఆక్టింగ్ సూపరింటెండెంటు అన్నాడు. సూపరింటెండెంటు అన్న మాట చెవిన పడగానే నాకు ప్రాణం లేచివచ్చింది. మనకు సూపరింటెండెంటు అంటే సెక్షను హెడ్డు, ఆక్టింగ్ అంటే ఇన్‌చార్జి. అక్కడ మాత్రం ఆ ఇన్‌చార్జి ఉద్యోగి కింద ఒక మహారణ్యం, రెండు పార్కులు ఉన్నవి.

ఇలా చెప్పేవారిలో యోసెమిటీ పార్కు రేంజరు షెల్టన్ జాన్సన్ గారు ప్రసిద్ధులని తరువాత తెలిసింది. 1899లో యోసెమిటీలో గస్తీ తిరిగిన నల్లజాతి సైనికుల ఫొటో ఒకటి ఆయన కంట పడింది. అప్పటినుంచి ఆయన ఆ సైనికుని వేషం వేసుకొని వారి కథ యాత్రికులకు చెబుతూ వచ్చారు. 2009లో కెన్ బర్న్స్ తీసిన డాక్యుమెంటరీ ద్వారా ఆ కథ దేశమంతా విన్నది. ఆ రోజు విన్న అరగంట నన్ను వదలలేదు. మా అబ్బాయి ఊళ్లోని గ్రంథాలయంలో యంగ్ గారి మీద ఉన్న పుస్తకాలు తెప్పించుకొని, మిగిలిన రోజులు వాటితోనే గడిపాను.

బాల్యం, విద్య

చార్లెస్ యంగ్ 1864 మార్చి 12న కెంటకీ రాష్ట్రంలోని మేస్ లిక్ అనే పల్లెలో పుట్టాడు. తండ్రి గాబ్రియెల్, తల్లి ఆర్మింటా. ఇద్దరూ బానిసలే, కనుక బిడ్డ కూడా పుట్టుకతోనే బానిస. అంతకు ముందు ఏడాదే అధ్యక్షుడు లింకన్ బానిస విముక్తి ప్రకటన చేసినా, తిరుగుబాటు చేయని కెంటకీకి అది వర్తించలేదు. అక్కడి బానిసలకు చట్టం ప్రకారం విముక్తి 1865 డిసెంబరులో గాని రాలేదు. గాబ్రియెల్ అంతదాకా ఆగలేదు. 1865లో ఒహాయో నది దాటి, అవతలి ఒడ్డున బానిసత్వం లేని రిప్లీ పట్టణం చేరి, నల్లజాతి భారీ ఫిరంగిదళంలో సైనికుడుగా చేరాడు. కుటుంబం కూడా రిప్లీలోనే స్థిరపడింది. పారిపోయి వచ్చి తుపాకీ పట్టిన తండ్రిని చూసి పెరిగిన పిల్లవాడికి సైనికోద్యోగం మీద గౌరవం కలగడంలో వింత లేదు.

రిప్లీ హైస్కూలులో తెల్లపిల్లలతో కలిసి చదివి, పదిహేడేళ్ల వయసులో ప్రథముడుగా ఉత్తీర్ణుడయ్యాడు. కొంతకాలం నల్లజాతి పిల్లల బడిలో పంతులుగా పనిచేశాడు. 1883లో వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీ ప్రవేశానికి పోటీ పరీక్ష రాస్తే రెండవ స్థానం వచ్చింది. మొదటివాడు తప్పుకోవడంతో 1884లో యంగ్‌కు సీటు దక్కింది. వెయిటింగ్ లిస్టు విలువ మనకు తెలియనిది కాదు.

ఆ అకాడమీలో ఆయన పడిన పాట్లు చెప్పుకోవడం కష్టం. తోటి విద్యార్థులు పలకరించరు, పక్కన కూర్చోరు. గణితంలో తప్పడంతో మొదటి సంవత్సరం మళ్లీ చదవవలసి వచ్చింది. నాలుగేళ్ల చదువు అయిదేళ్లయింది. చివరి ఏడాది ఇంజనీరింగులో తప్పితే, తరువాతి కాలంలో పనామా కాలువ నిర్మాతగా పేరు పొందిన జార్జ్ గోథల్స్ అనే ఉపాధ్యాయుడు దగ్గర కూర్చోబెట్టుకొని పాఠం చెప్పి గట్టెక్కించాడు. 1889లో 49 మందిలో 49వ వాడుగా పట్టా పుచ్చుకున్నాడు. ఆ అకాడమీ నుంచి బయటికి వచ్చిన నల్లజాతివారిలో ఆయన మూడవవాడు. నాలుగవవాడు రావడానికి మరో 47 ఏళ్లు, అంటే 1936 దాకా పట్టింది.

ఉద్యోగ ప్రస్థానం

అంతర్యుద్ధం తరువాత 1866లో అమెరికా ప్రభుత్వం నల్లజాతి సైనికులతో ప్రత్యేక రెజిమెంట్లు ఏర్పాటు చేసింది. వారికి బఫెలో సోల్జర్స్ అనే పేరు మైదాన ప్రాంతపు ఆదివాసులు పెట్టినదని చెబుతారు. ఆ ఆదివాసుల మీద యుద్ధాలకు కూడా ప్రభుత్వం వీరినే పంపింది. అది ఆ చరిత్రలోని మరో విషాదం. సైనికులు నల్లవారైనా అధికారులు తెల్లవారే. అటువంటి 9వ అశ్వికదళంలో యంగ్ సెకండ్ లెఫ్టినెంటుగా చేరి, నెబ్రాస్కాలో, తరువాత యూటాలో పనిచేశాడు. 1894 నుంచి ఒహాయోలోని విల్బర్‌ఫోర్స్ విశ్వవిద్యాలయంలో సైనిక శాస్త్రం బోధించాడు. అది నల్లజాతివారి విద్యాసంస్థ. అక్కడే ప్రసిద్ధ మేధావి డబ్ల్యు.ఇ.బి. డుబాయిస్ ఆయనకు ప్రాణమిత్రుడయ్యాడు. యంగ్ ఇంట్లో పియానో ఉండేది, వయొలిన్ ఉండేది, గిటారు ఉండేది, మూడూ ఆయనే వాయించేవాడు. ఫ్రెంచి, స్పానిష్, జర్మన్ భాషలు వచ్చు.

ఒక సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. యూటాలో ఆయన వద్ద బెంజమిన్ డేవిస్ అనే నల్లజాతి సార్జెంటు మేజరు ఉండేవాడు. అతను అధికారి పరీక్షకు కూర్చోవాలనుకుంటే యంగ్ తీరిక చేసుకొని గణితం నేర్పాడు. తాను వెస్ట్ పాయింట్‌లో తప్పిన సబ్జెక్టే. డేవిస్ 1901లో పరీక్ష నెగ్గి అధికారి అయ్యాడు, 1940లో అమెరికా సైన్యంలో మొదటి నల్లజాతి జనరల్ అయ్యాడు. 1936లో వెస్ట్ పాయింట్ నుంచి పట్టా తీసుకున్న ఆ నాలుగవవాడు ఈ డేవిస్ కుమారుడే. ఒక మనిషి రాత్రిపూట నేర్పిన లెక్కలు ఎంతదూరం పోతాయో చూడండి.

ఆ వేసవిలో ఆ అడవిలో

1890లో సెకోయా, జనరల్ గ్రాంట్ పార్కులు ఏర్పడ్డాయి గాని వాటిని చూసుకొనే శాఖ లేదు. నేషనల్ పార్క్ సర్వీసు 1916లో గాని పుట్టలేదు. అందుచేత ప్రతి వేసవిలో సైన్యం వచ్చి, గొర్రెల మందలు అడవిలో పడకుండా, దొంగ వేట, దొంగ నరుకుడు జరగకుండా కాసేది. 1903లో ఆ పని శాన్ ఫ్రాన్సిస్కోలోని ప్రెసిడియో స్థావరంలో ఉన్న యంగ్ దళానికి వచ్చింది. ఫిలిప్పీన్స్ యుద్ధం నుంచి తిరిగివచ్చి కెప్టెనుగా ఉన్నాడు. ఆ మే నెలలోనే అధ్యక్షుడు థియొడర్ రూజ్‌వెల్ట్ శాన్ ఫ్రాన్సిస్కో వస్తే, గౌరవ రక్షకులుగా పక్కన నడిచిన అశ్వికులు వీరే. అక్కడి నుంచి గుర్రాల మీద 323 మైళ్లు పదహారు రోజులలో వచ్చి పార్కు చేరారు. ఈ లెక్క గుర్తుంచుకోమని మనవి. తరువాత పనికివస్తుంది.

ఒక నేషనల్ పార్కుకు నల్లజాతివాడు అధిపతి కావడం అదే మొదలు. అక్కడ ఆయన ముందున్న ముఖ్యమైన పని ఒక రోడ్డు. 1886లో కవియా కాలనీ అనే సహకార సమాజం వారు కలప కోసం కొండ పైకి రోడ్డు మొదలుపెట్టారు. పార్కు ఏర్పడి వారి భూములు దక్కకపోవడంతో ఆ పని మధ్యలో ఆగింది. తరువాత ఏటా కొంచెం కొంచెం సాగుతూ ఉన్నది. మన వైపు ప్రతి బడ్జెట్టులో కనిపించి నేల మీద కనిపించని రోడ్లు మీరు చూసే ఉంటారు. యంగ్ తన సైనికులను, కూలీలను పెట్టి, రోజూ దగ్గరుండి, అంతకు ముందు మూడేళ్లలో కలిపి అయిన దానికన్నా ఎక్కువ రోడ్డు ఆ ఒక్క వేసవిలో వేయించాడు. ఆగస్టులో రోడ్డు జెయింట్ ఫారెస్ట్ చేరింది. అక్కడితో ఆగక మోరో రాక్ అనే కొండ పాదం దాకా వేయించాడు. పిల్లాపాపలతో బండి కట్టుకొని ఆ మహావృక్షాల మధ్యకు వెళ్లడం అప్పుడు గాని సాధ్యం కాలేదు. 1926లో కొత్త రహదారి తెరిచేదాకా యాత్రికులు వెళ్లినది ఆ దారినే.

పార్కు లోపల ప్రైవేటు వ్యక్తుల భూములు ఉన్నవి. వాటిని ప్రభుత్వం కొనకపోతే చెట్లకు ఎప్పటికైనా ముప్పేనని యంగ్ గ్రహించి, భూస్వాములతో మాట్లాడి, ధర కుదిర్చి, కొనవలసిందని పైకి రాశాడు. పైవారు అప్పుడు కొనలేదు. జెయింట్ ఫారెస్ట్‌లోని భూములు 1916లో, కాంగ్రెసు ఇచ్చిన సొమ్ముకు నేషనల్ జియోగ్రాఫిక్ సొసైటీ విరాళం కలిపి కొన్నారు. కింది ఉద్యోగి రాసిన మంచి ప్రతిపాదన పదమూడేళ్లు పెండింగులో ఉండడం ఒక్క మన దేశానికే సొంతం కాదని దీనివల్ల తెలుసుకున్నాను.

రోడ్డు పూర్తయిన సంతోషంలో అక్కడివారు ఒక మహావృక్షానికి ఆయన పేరు పెడతామన్నారు. యంగ్ ఒప్పుకోలేదు. నల్లజాతి విద్యకు జీవితం ధారపోసిన బుకర్ టి. వాషింగ్టన్ పేరు పెట్టించాడు. ఇరవై ఏళ్ల తరువాత కూడా మీకు అదే అభిప్రాయం ఉంటే అప్పుడు నా పేరు పెట్టండని చెప్పాడట. ఇరవై ఏళ్లకు ఆయనా లేడు, అడిగినవారూ మరిచిపోయారు. నూరేళ్ల తరువాత పార్కువారు గుర్తు చేసుకొని ఒక చెట్టుకు ఆయన పేరు పెట్టారు. ఆ చెట్టు మొదట్లో నేను నిలబడి ఫొటో తీయించుకున్నాను.

విదేశాలలో, యుద్ధరంగంలో

1904 ఫిబ్రవరిలో ఏడా మిల్స్ అనే ఆమెను వివాహమాడాడు. వారికి ఒక కుమారుడు, ఒక కుమార్తె. అదే ఏడాది హైతీ దేశంలో అమెరికా సైనిక ప్రతినిధిగా నియమితుడై, 1907 దాకా అక్కడ ఊరూరా గుర్రం మీద తిరిగి పటాలు తయారుచేశాడు. 1912లో ఆఫ్రికాలోని లైబీరియాకు అదే హోదాలో వెళ్లి అక్కడి సరిహద్దు దళానికి సలహాదారుగా ఉన్నాడు. చిక్కుకుపోయిన తోటి అధికారిని విడిపించడానికి అడవిలోకి వెళ్లి చేతికి తుపాకీ గుండు తగిలించుకున్నాడు, ప్రాణం మీదికి వచ్చే జ్వరం కూడా తెచ్చుకున్నాడు. ఆ ఏడాదే మేజరు అయ్యాడు.

1916లో మెక్సికో తిరుగుబాటు నాయకుడు పాంచో వియా సరిహద్దు దాటి కొలంబస్ పట్టణం మీద పడితే, జనరల్ పెర్షింగ్ నాయకత్వంలో సైన్యం అతని వెంట పడింది. 10వ అశ్వికదళంలో ఉన్న యంగ్ ఆగ్వా కాలియెంటే వద్ద పిస్తోళ్లతో గుర్రాలను దూకించి శత్రువులను చెదరగొట్టాడు. పర్రాల్ వద్ద దెబ్బతిని వెనక్కి తగ్గిన తెల్ల అశ్వికులకు సాయంగా సమయానికి వచ్చి చేరినది కూడా ఆయన ఉన్న దళమే. ఆ సంవత్సరమే లెఫ్టినెంటు కర్నల్ అయ్యాడు. నల్లజాతి ప్రతిభావంతులకు ఇచ్చే స్పింగార్న్ పతకం కూడా ఆ ఏడాది ఆయనకే వచ్చింది.

మెడికల్ బోర్డు

1917 ఏప్రిల్‌లో అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలో దిగింది. సైన్యం ఒక్కసారిగా పెరిగింది. పై పదవులు ఖాళీ అయ్యాయి. యంగ్ సీనియారిటీ ప్రకారం తరువాతిది కర్నల్ పదవి, యుద్ధం సాగితే ఆపైన జనరల్ పదవి. జనరల్ అయితే ఆయన కింద తెల్ల అధికారులు పనిచేయవలసివస్తుంది. చిక్కు అక్కడ వచ్చింది. నల్లవాడి కింద పనిచేయలేనని ఒక తెల్ల లెఫ్టినెంటు తన ప్రాంతపు సెనేటరుకు మొరపెట్టుకున్నాడు. మిసిసిపీ సెనేటరు అధ్యక్షుడు విల్సన్‌కు రాశాడు. విల్సన్ యుద్ధ మంత్రి బేకర్‌కు పంపాడు. పరిష్కారం కోసం ఎవరూ ఎక్కువ వెతుక్కోనక్కరలేకపోయింది. ప్రమోషనుకు ముందు జరిగే వైద్య పరీక్షలో యంగ్‌కు రక్తపోటు ఎక్కువగా ఉన్నదని, మూత్రపిండాలు సరిగా లేవని శాన్ ఫ్రాన్సిస్కోలోని సైనికాసుపత్రి వైద్యులు రాశారు. పద్నాలుగేళ్ల క్రితం తన దళంతో ఏ స్థావరం నుంచి బయలుదేరాడో ఆ ప్రెసిడియోలోనే ఆ ఆసుపత్రి ఉన్నది. జులైలో ఆయనను కర్నల్‌గా ప్రమోట్ చేసి, అదే చేత్తో పదవీ విరమణ చేయించారు. అమెరికా సైన్యంలో మొదటి నల్లజాతి కర్నల్ ఆయన. ఆ హోదా చేతికి వచ్చిన రోజే ఉద్యోగం పోయింది.

మిత్రులారా, ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. వైద్యులు రాసినది అబద్ధం కాదు. ఆ జబ్బు నిజంగానే ఉన్నది, చివరకు ఆయన ప్రాణం తీసినది కూడా అదే. కాని ఆ కాగితం అవసరం ఎందుకు పుట్టిందో ఆ కాగితంలో లేదు. ఫైలు చూసిన వారికి ఒక రోగి కనబడతాడు. నల్లవాడికి సెల్యూట్ చేయడం ఇష్టం లేని లెఫ్టినెంటు కనబడడు.

497 మైళ్లు

యంగ్ ఏం చేశాడు? నిందలు వేయలేదు. 1918 జూన్‌లో, తన 54వ ఏట, విల్బర్‌ఫోర్స్‌లోని ఇంటి ముందు గుర్రం ఎక్కి రాజధాని వాషింగ్టన్‌కు బయలుదేరాడు. దూరం 497 మైళ్లు, అంటే 800 కిలోమీటర్లు. మనకు విశాఖపట్నం నుంచి చెన్నై ఎంతో దాదాపు అంత. మధ్యలో కొండలు. గుర్రం అలిసిపోకుండా ప్రతి గంటలో కొంతసేపు తాను దిగి నడిచాడు. పదహారు రోజులలో చేరాడు.

ఇప్పుడు నేను గుర్తుంచుకోమన్న లెక్క తీయండి. 1903లో, 39 ఏళ్ల వయసులో, సంపూర్ణారోగ్యంతో, పదహారు రోజులలో 323 మైళ్లు. 1918లో, సర్వీసుకు పనికిరాడని సర్టిఫికెట్టు చేతిలో ఉండగా, అదే పదహారు రోజులలో 497 మైళ్లు. మొదటిది దళాన్ని వెంటబెట్టుకొని చేసిన ప్రయాణం, రెండవది తానొక్కడే చేసినది. తేడా కొంత అందువల్ల కూడా అని ఒప్పుకుంటాను. అయినా సగటు చూస్తే రోజుకు 31 మైళ్లు. ఇంతకన్నా మంచి ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు ఏ సివిల్ సర్జను ఇవ్వగలడు?

మంత్రి బేకర్ ఆయనను మర్యాదగా కూర్చోబెట్టి మాట్లాడాడు. ఉత్తర్వు మాత్రం వెంటనే రాలేదు. జూన్ పోయింది, వేసవి పోయింది. 1918 నవంబరు 6న తిరిగి సర్వీసులోకి తీసుకున్నారు. నవంబరు 11న యుద్ధం ముగిసింది. అయిదు రోజులు! ఫ్రాన్సులో మూడున్నర లక్షలకు పైబడిన నల్లజాతి సైన్యం నుంచి వెళ్లిన రెజిమెంట్లు పోరాడుతుండగా, వారిలో అందరికన్నా సీనియరు అధికారి ఇంట్లో కూర్చొని పత్రికలు చదివాడు.

చివరి ప్రయాణం

ఆ తరువాత ప్రభుత్వమే మళ్లీ లైబీరియా వెళ్లమని అడిగింది. యూరపు యుద్ధానికి పనికిరాని ఆరోగ్యం ఆఫ్రికా మలేరియాకు పనికివచ్చింది కాబోలు. 1920లో ఆయన మారుమాట లేకుండా వెళ్లాడు. పని మీద నైజీరియా వెళ్లినప్పుడు జబ్బు తిరగబెట్టి, 1922 జనవరి 8న లాగోస్‌లో, 57వ ఏట, ఉద్యోగంలో ఉండగానే కన్నుమూశాడు. బ్రిటిష్ వారు సైనిక మర్యాదలతో అక్కడే ఖననం చేశారు. భార్య ఏడా పట్టుబట్టి శరీరాన్ని స్వదేశానికి రప్పించగా, 1923 జూన్ 1న ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానంలో అంత్యక్రియలు ఘనంగా జరిగాయి.

2013లో అధ్యక్షుడు ఒబామా విల్బర్‌ఫోర్స్‌లోని ఆయన ఇంటిని జాతీయ స్మారకంగా ప్రకటించారు. మరణించి నూరేళ్లు నిండిన తరువాత, 2022 ఏప్రిల్ 29న, ఒకప్పుడు ఎవరూ పలకరించని ఆ వెస్ట్ పాయింట్‌లోనే, సైన్యం ఆయనను బ్రిగేడియర్ జనరల్‌గా ప్రమోట్ చేసింది. బకాయిలు ఎవరికీ రాలేదు. రికార్డు మాత్రం సరి అయింది.

నా మాట

ఇక నా సంగతి. నేను సర్వీసులో ఉండగా మా సెక్షనులో ఒక సీనియర్ అసిస్టెంటు ఉండేవారు. పేరు, ఊరు ఇక్కడ అవసరం లేదు. ఆయన ఏ వాడ నుంచి వచ్చారో ఆఫీసులో అందరికీ తెలుసు. సూపరింటెండెంటు ప్రమోషనుకు ఆయనదే వంతు. ఆయన కింద కూర్చొని పనిచేయమని ముగ్గురు క్యాంటీనులో బాహాటంగానే అన్నారు. నేను విన్నాను. కొద్ది రోజులకు ఆయనకు చూపు ఆనడం లేదని, ఫైళ్లు చూడలేరని ఒక ఆకాశరామన్న అర్జీ వచ్చింది. ఆయనకు మధుమేహం ఉన్నమాట నిజమే, కళ్లద్దాలు మందమైనవేనన్నది నిజమే. మెడికల్ బోర్డుకు పంపవచ్చునని రూలు నంబరుతో సహా నోటు పెట్టినది నేను. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. క్యాంటీనులో విన్న మాట నోటులో రాయడానికి కాలమ్ లేదు గనుక రాయలేదు అని అప్పట్లో నాకు నేను చెప్పుకున్నాను. ఇంకా నాలుగేళ్ల సర్వీసు ఉండగానే ఆయన ఇన్‌వాలిడ్ పెన్షను మీద వెళ్లిపోయారు.

పెన్షను కాగితాల కోసం వచ్చినప్పుడల్లా ఆయన నా బల్ల దగ్గరే కూర్చొని టీ తాగి, మా పిల్లల చదువు సంగతి అడిగేవారు. ఆ తరువాత పన్నెండేళ్లు బతికారు. వాళ్ల వీధి చివరి అరుగు మీద కూర్చొని, ఊళ్లోవారికి అర్జీలు రాసిపెట్టేవారు. మందపాటి కళ్లద్దాలతోనే.

సెకోయాలో ఆ రేంజరు కథ ముగించి టోపీ తీసి చెమట తుడుచుకుంటుంటే, అందరూ చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేకపోయాను. మా మనవడు నీకు అర్థం కాలేదా తాతగారూ అని అడిగాడు. అర్థమైందిరా అన్నాను. ఆ రాత్రి వాడికి మా సీనియర్ అసిస్టెంటు గారి కథ చెప్పాను. అప్పటికి నా నోటి నుంచి ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, మా ఇంటావిడకు కూడా.

మన సంఘంలో చాలామందిమి ఫైళ్లు నడిపినవాళ్లమే. యంగ్ గారి వంటివారి దారిలో అడ్డు నిలిచినది పెద్ద దుర్మార్గులు మాత్రమే కాదు. నిజమే రాసి, తెలిసిన మిగతా నిజం రాయకుండా సంతకం పెట్టిన నావంటివారు కూడా ఉన్నారు. ఆ రికార్డు దిద్దడానికి అమెరికా వారికి నూరేళ్లు పట్టింది. దిద్దగలిగిన చోట మనం అంతకాలం ఆగనక్కరలేదు. సభ్యులకు తెలిసిన ఇటువంటి సంగతులు ఉంటే పిల్లలకు చెప్పండి, వీలైతే రాసిపెట్టండి. నేను ఈ వ్యాసం ఆ సీనియర్ అసిస్టెంటు గారి కుమారునికి చూపించి, అతని అనుమతి తీసుకొనే సంచికకు పంపుతున్నాను. చదివి అతను ఏమీ అనలేదు. టీ ఇచ్చి, మా పిల్లలు ఎలా ఉన్నారని అడిగాడు.

ఇట్లు,
మీ సహ పెన్షనరు